తోకలో గుమ్మడికాయ

గోదావరి లంకల్లో ఇంటింటికీ సొంత విమానం ఉన్న కాలంలో కూడా, ఒంటిచేత్తో విమానం కట్టినవాడు బుల్లబ్బాయి ఒక్కడే. ఒంటిచేత్తో అంటే, ఇంజను బిగించింది అతని భార్య చెల్లాయమ్మ, రెక్కలు అతికించింది బావమరదులు. రంగు మాత్రం పూర్తిగా అతనిదే.

తొలిసారి ఎగరబోయేది కూడా చెల్లాయమ్మే. ఆ ఉదయం మూడు చక్రాల కిందా ధాన్యం కాటాలు పెట్టి చివరిసారి తూచారు. నిన్న సరిగ్గా ఉన్న తూకం ఇవాళ తోకవైపు మొగ్గింది. అలా ఎగిరితే విమానం ముక్కు పైకెత్తి కూలిపోతుందని లంకలో పసిపిల్లలకు కూడా తెలుసు.

"రాత్రికి రాత్రి తోకకి ఒళ్లొచ్చిందా మావా?" అంది చెల్లాయమ్మ.

బుల్లబ్బాయి చక్రానికి పసుపు రాస్తూ, "మంచు పట్టిందేమోనే," అన్నాడు.

"ఆరు కిలోల మంచా?"

"దిష్టి గుమ్మడికాయే. బయట కడితే గాలికి ఊడిపోద్దని లోపల కట్టా. ఎక్కేది నువ్వు కదా, భయమేసింది."

"దిష్టి సంగతేమో గానీ, నీ గుమ్మడికాయే నన్ను చంపేది!" అంటూ ఆమె తోక మూత విప్పి, కాయను తీసి అతని చేతుల్లో పెట్టింది. "నేను దిగేదాకా ఇది నువ్వే మొయ్యి."

మళ్లీ తూస్తే తూకం సరిపోయింది. విమానం ఇసుక మీద పరుగెత్తి లేచింది. బుల్లబ్బాయి కాయను పొట్టకు హత్తుకుని చూస్తుండగా, కొబ్బరి చెట్ల మీదుగా మూడు చుట్లు తిరిగి మెత్తగా దిగింది.

నిజానికి తిరిగింది ఒక్క చుట్టే. మిగతా రెండూ నేను కలిపినవి. కింద నిలబడ్డ బుల్లబ్బాయికి ఆ ఒక్కటే మూడు చుట్లంత సేపు పట్టింది మరి.