మూడో మనిషి ముద్ర

"దీనికి కేసు చీటీ అంటించలేదేంటి మేడమ్?" అన్నాడు ఫొటోగ్రాఫర్. వేలిముద్రల విభాగానికి బదిలీ మీద కొత్తగా వచ్చాడు. నోరు ఊరుకోదు.

"తర్వాత అంటిస్తాలెండి," అంది వేలిముద్రల నిపుణురాలు, నిలువుటద్దాన్ని పెద్ద గాజు పెట్టెలో నిలబెడుతూ.

"వారం నుంచీ ఒకే ఇంటి సామాను మోసుకొస్తున్నారు. గ్లాసులయ్యాయి, తలుపు పిడులయ్యాయి. ఏం పోయిందేంటి వాళ్ళకి?"

"అంతా."

"మరి ఇదే ఆఖరిదా?"

"ఆఖరిదే. ఆ ఇంట్లో మూడో మనిషి తిరిగినట్టు ఒక్క ముద్ర దొరికినా చాలు."

వేడి పలక మీద సూపర్ గ్లూ చుక్కలు వేసి పెట్టె మూసింది. ఆవిరి లేచింది. ఈ ఆవిరి మొండిఘటం, ఊరికే గట్టిపడదు. దాన్ని కదిలించేది ఒకటి కావాలి. వేలిముద్రలో మిగిలిన చెమట ఆ పని చేస్తుంది. అది తగలగానే ఒక అణువు ఇంకో అణువును పట్టుకుంటుంది, అది మరోదాన్ని. అలా గొలుసు సాగి, కంటికి కనపడని గీతలు తెల్లగా తేలతాయి. తడి పూర్తిగా ఆరిపోయిందో, మొదలుపెట్టే దిక్కే ఉండదు.

"పాతవైనా వస్తాయిగా?"

"అందరివీ నిలవవు."

మోకాళ్ళ మీద కూర్చుని అద్దం అడుగుభాగాన్నే చూస్తోంది.

"దొంగేమైనా పాక్కుంటూ వచ్చాడా మేడమ్, అక్కడ వెతుకుతున్నారు?" అని తన జోకుకు తనే నవ్వాడు.

పైభాగంలో తెల్లటి ముద్రలు తేలాయి. అతను కెమెరా ఎత్తాడు.

"అక్కర్లేదు. అవి ఇంటాయనవి. పక్కవి ఇంటావిడవి."

పోల్చి చూడకుండానే చెప్పేసరికి అతను నోరు వెళ్ళబెట్టాడు.

కింది సగం మాత్రం తళతళలాడుతూ ఖాళీగానే ఉంది. ఇంకొన్ని చుక్కలు వేసింది. ఆవిరి కమ్మింది, పోయింది. ఏమీ లేదు. ఇక వెతకడానికి ఏ వస్తువూ మిగల్లేదు. ఆమెకు ఏడుపు ఆగలేదు.

అతను కంగారుపడ్డాడు. "ఊరుకోండి మేడమ్. ఎవరో పనిగట్టుకుని శుభ్రంగా తుడిచేశారు. మీరు మాత్రం ఏం చేస్తారు?"

మరకలు చేస్తోందని పాప మీద విసుక్కుంటూ, పాప ఉన్నన్నాళ్ళూ రోజూ తనే తుడిచిన ఆ అద్దాన్ని ఆమె ఇంటికి తీసుకెళ్ళి, ఖాళీ ఉయ్యాల పక్కన మళ్ళీ నిలబెట్టింది.