పచ్చచీర ఆమె తెచ్చిన ఉగ్గాని

బిస్కెట్టు పాప నోటి దాకా పోకముందే విశ్వాసమ్మ లాక్కుని చెత్తబుట్టలో పడేసింది.

పాప కెవ్వుమంది.

బిస్కెట్టు ఇచ్చిన పచ్చచీర ఆమె ఒళ్లో ఉన్న స్టీలు క్యారియరు సర్దుకుని, బల్ల మీద కొంచెం అవతలికి జరిగింది.

కర్నూలు పెద్దాసుపత్రిలో హెచ్ఐవీ మందులిచ్చే చోటు అది. విశ్వాసమ్మ కూతురు స్తుతికి కడుపుతో ఉన్నప్పుడు చేసిన రక్తపరీక్షలో ఆ జబ్బు బయటపడింది. అప్పటి నుంచి మాత్రలు మానలేదు. పుట్టగానే పాపకూ మందు పోశారు. పాపకు ఆ జబ్బు సోకిందో లేదో తేల్చే ఆఖరి పరీక్ష ఈ రోజే. రక్తం తీసుకున్నారు. రిపోర్టు రావాలి.

డోన్‌లో ఇరుగుపొరుగుకు మాత్రం, పాపకు గౌను కొనడానికి పోతున్నామని చెప్పి వచ్చారు.

"ఆమెకు ఎంత ముదిరిందో ఏమో!" విశ్వాసమ్మ కూతురి చెవిలో గొణుగుతూ పాప అరచేతిని కొంగుతో తుడిచింది.

"ఊరుకో మా. నాకుండేదీ అదే కదా. నన్ను కూడా తుడుస్తావా?"

పచ్చచీర ఆమెకు ఇదంతా వినపడనే వినపడింది. కోపం రాలేదు సరికదా, నవ్వింది.

"ఏమ్మా, బస్సు టైరు యాడ పగుల్తాదోనని దావంతా కిందికే చూసుకుంటా వచ్చినావా?"

స్తుతికి నవ్వాగలేదు. "నిజమే అక్కా! డ్రైవరుకు నిద్రొస్తాందేమోనని లేసిపోయి చూసొచ్చింది కూడా."

విశ్వాసమ్మకు ఒళ్లు మండింది. ఏదో అనబోయేసరికి దగ్గు తెర కమ్ముకొచ్చింది.

పచ్చచీర ఆమె నవ్వు ఆగిపోయింది. "ఈ దగ్గు ఎన్నాళ్ల నుంచి ఉండాది?"

"నా దగ్గుతో నీకేం పని?"

"పని నాకు కాదమ్మా, నీ కూతురికి. నా నుంచి ఏమొస్తాదోనని నువ్వు భయపడతాండావు. పక్కన కూచున్నా, చెయ్యి పట్టుకున్నా ఇది రాదు. నీ దగ్గు అట్లా కాదు, క్షయదైతే గాల్లోనే పోయి అంటుకుంటాది."

విశ్వాసమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మాది బనగానపల్లె పక్క. మామిడి తోటల్లో పనికి పోతా. తోటకు కావలోళ్లు ఉంటారు కదా, మన ఒంట్లోనూ అట్లాంటోళ్లు ఉంటారు. ఈ జబ్బు పురుగు కాయల జోలికి పోదు. నేరుగా కావలోళ్లనే పడగొడతాది. వాళ్లు తగ్గిపోయినాక ఇంక యా జబ్బయినా లోపలికొచ్చేస్తాది. అంత దూరం పోతేనే ఎయిడ్స్ అంటారు."

"అయ్యో ప్రభువా! అయితే మా స్తుతికి..."

"ఉండారు, ఉండారు, కావలోళ్లు ఉండారు! మాత్ర రోజూ ఏసుకుంటే ఆ పురుగు మూలన పడుంటాది. చావదు, కానీ తల ఎత్తదు. కావలోళ్లు మళ్లీ కట్టె పట్టుకుని నిలబడతారు. నీ కూతురి మొగం చూడు, ఎంత కళగా ఉండాదో. నువ్వు మాత్రం కఫం పరీక్ష చేయించుకో. ఈ ఆసుపత్రిలోనే చేస్తారు."

అంటూనే ఆమె క్యారియరు మూత తీసింది. తాలింపు పెట్టిన బొరుగుల ఉగ్గాని వాసన గుప్పుమంది.

"నీ కూతురు పొద్దున్నుంచి ఏమీ తిన్నట్టు లేదు. ఇంకొకరికని తెచ్చినా గానీ, పిడికెడు తింటే తక్కువైపోదులే. తీసుకో తల్లీ."

స్తుతి చెయ్యి చాపింది. విశ్వాసమ్మ ఆ చేతిని వెనక్కి లాగింది.

"మాకొద్దు. తినే వచ్చినాం."

"సరేలేమ్మా."

ఆమె మూత పెట్టి లోపలి గదిలోకి పోయింది. కాసేపటికి ఉత్త చేతులతో బయటికొచ్చింది.

"బస్సుకు టైమైంది, పోతాండా. రిపోర్టు మంచిగనే వస్తాది, చూడు."

పాప బుగ్గ పుణకబోయి, విశ్వాసమ్మ మొహం చూసి, చాపిన చెయ్యి వెనక్కి తీసుకుంది.

"ఈమెకేం తెలుసు, మంచిగనే వస్తాదని?" అనుకుంది విశ్వాసమ్మ. ఆమె మనసులో అప్పటికే చెడ్డ రిపోర్టు వచ్చేసింది. పాపను ఏ బడిలోనూ చేర్చుకోలేదు. స్తుతి మంచం పట్టింది.

"స్తుతి అక్కా!"

పిలుపు విని ముగ్గురూ లోపలికి పోయారు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి నిలబడి ఉంది. కోటు మీద శివాని అని పేరుంది.

"పాపకు లేదక్కా. నెగెటివ్."

స్తుతి పాపను గుండెకు అదుముకుని కుర్చీలో కూలబడింది.

"సరిగ్గా చూసినావా తల్లీ?" విశ్వాసమ్మ ముందుకు వంగింది. "ఇంకొకరి రక్తం కలిసిపోలేదు గదా? పెద్దయినాక బయటపడితే?"

"పడదవ్వా. తల్లిపాలు మాన్పించి కూడా శానా రోజులైంది కదా. ఇదే ఆఖరు. ఇంక బడికి పోతాది, పిల్లోళ్లతో కొట్లాడతాది, రేపు నా మాదిరి ఉద్యోగం చేస్తాది."

"నీ మాదిరి అదృష్టం మాకు యాడిది తల్లీ!"

శివాని నవ్వింది. స్తుతి మొహం చూసి, "ఏమీ తినలేదా అక్కా?" అంటూ టేబుల్ కింద నుంచి స్టీలు క్యారియరు తీసింది.

మూత తియ్యగానే ఉగ్గాని వాసన.

విశ్వాసమ్మ గబగబా బయటికి పోయింది. బల్ల ఖాళీగా ఉంది. గేటు దాకా పోయి చూసింది. పచ్చచీర ఎక్కడా కనిపించలేదు.

తిరిగొచ్చి, పిడికెడు ఉగ్గాని తీసి కూతురి నోట్లో పెట్టింది. ఇంకో పిడికెడు తనూ తిన్నది.

"ఆ పచ్చచీర ఆమె నీకు వండి తెస్తాదా తల్లీ? ఎవరామె?"

శివాని పాప బుగ్గ పుణికింది.

"మీ మాదిరి భయపడేవాళ్లకు చెప్పమని ఆమే అంటాది గాబట్టి చెప్తాండానవ్వా. ఆమె మా అమ్మ, నేను కడుపులో ఉన్నప్పుడే ఈ జబ్బు ఉండాదని తెలిసింది, నాక్కూడా ఆఖరి పరీక్ష ఈడనే చేసి, లేదని చెప్పినారు."