చలిగది గంట

"మనిషైతే యాడ నుంచి దూరినాడప్పా? చలిగది తలుపు బీగంచెవి నిన్న మధ్యాహ్నం నుంచి నా మొల్లోనే ఉండాది!" అన్నాడు మేనేజరు ఆదినారాయణ.

నంద్యాల కోల్డ్ స్టోరేజీ ఆఫీసులో, కంప్యూటరు పక్కన గంట ఆగకుండా మోగుతోంది. చలిగదిలో ఎవరైనా చిక్కుకుంటే లోపలి మీట నొక్కాలి, ఇక్కడ గంట మోగాలి. అదీ ఏర్పాటు. ఇంజనీరు జ్ఞానప్రకాశం ఆ ఉదయం వచ్చి కంప్యూటరు ముందు కూర్చున్నాడో లేదో మోత మొదలైంది. హమాలీలు దయ్యమని రోడ్డు దాటేశారు.

గుమ్మంలో హమాలీ ఓబయ్య భార్య రామమ్మ మిగిలింది.

"మా ఆయప్ప రేత్రి ఇంటికి రాల్యా సార్. లోపల ఉండాడేమో, తలుపు తీయండి."

"చాగలమర్రిలో తాగి పడింటాడు పోమ్మా. తలుపు తీస్తే చలి పోతాది. మిరప చెడిపోతే నువ్విస్తావా?"

అప్పుడు జ్ఞానప్రకాశం సింహాసనం దిగినట్టు కుర్చీ దిగాడు. 1988లో ఆ చుట్టుపక్కల కంప్యూటరుకు మీటల భాష నేర్పిన మహానుభావుడు తానొక్కడేనని ఆయన విశ్వాసం. కాదనడానికి రెండో పండితుడు లేడు.

"దయ్యమూ లేదు, మనిషీ లేడు" అంటూ చలిగది నుంచి వచ్చే తీగను ఊడబెరికాడు.

గంట మోగుతూనే ఉంది.

ఆదినారాయణ రెండడుగులు వెనక్కి వేశాడు. పండితుడు చిరునవ్వు నవ్వాడు.

"చూస్తిరా? ఇది ఇప్పటి మోత కాదు. దీంట్లో రెండు ప్రోగ్రాములుండాయి. మీట నొక్కిన క్షణంలోనే పసిగట్టేది డ్రైవరు, నేను రాసింది. దానికి నిద్ర లేదు. కబురందుకుని గంట కొట్టేది రెండోది. అది ఆగిపోయి ఉంటే డ్రైవరు అన్ని నొక్కులూ దాచిపెట్టి, అది లేచినాక, నిమిషాలను క్షణాలుగా కుదించి వరసగా అప్పజెప్తాది. ఒక్క నొక్కును కూడా పోనీదు. ఇవి పాతవి, అంతే!"

"బతికించినావు సామీ!" ఆదినారాయణ నవ్వాడు.

రామమ్మ నవ్వలేదు. "ఆ గంట కొట్టేదాన్ని ఎప్పుడు ఆపినారు సార్?"

"నిన్న మధ్యాహ్నం, ఆళ్లగడ్డకు పెండ్లికి పోతా ఆపితి. ఇప్పుడే వచ్చి దాన్ని లేపి..."

ఆదినారాయణ చేయి మొలలో బీగంచెవి కోసం తడుముకుంటోంది.

మోతకూ మోతకూ నడుమ ఎడం పెరిగింది. ఇంకా పెరిగింది. ఇంకొక్కసారి మోగింది.

ఆ తర్వాత మోగలేదు. జ్ఞానప్రకాశం గారి డ్రైవరు ఒక్క నొక్కును కూడా పోనిచ్చేది కాదు.