సీమోనులు ముగ్గురు

“మీ ముగ్గురిల నువ్వెవరు?” కంప్యూటర్ మీంచి కళ్లు తిప్పకుండా అడిగాడు ఓ ప్రభుత్వ సంస్థ చాంద్రాయణగుట్ట ఆఫీసులో సెక్షన్ ఆఫీసర్ వామన్‌రావు.

ఆ సంస్థలోనే ఫిట్టరుగా పనిచేసే సీమోను వెనక్కి తిరిగి చూశాడు. కంటికి గుడ్డ అడ్డం పెట్టుకున్న భార్య రాజమణి తప్ప ఎవరూ లేరు.

“నేనొక్కన్నే సార్. పన్నెండింటికి మా ఆమె కంటి ఆపరేషన్. దవాఖానల ఆరోగ్య కార్డు చెల్లదన్నరు. ఇయ్యాల కాకుంటే చూపు పోతదట.”

“ఎట్ల చెల్లుతది? జీతాల కంప్యూటర్ల సీమోను, దవాఖాన కంప్యూటర్ల సైమన్, క్వార్టర్ల కంప్యూటర్ల సిమియోన్. ముగ్గురికీ భార్య రాజమణే.”

రాజమణి సిగ్గుతో తల దించుకుంది. పాపం, ఇరవై ఏళ్లుగా ఒక్క మొగుడితోనే వేగలేక చస్తున్న మనిషి.

“ఇన్నొద్దులు నడిచింది గద సార్?”

“ఇన్నొద్దులు ఆ మూడు కంప్యూటర్లకూ మాటల్లేవు. మొన్ననే మూడింటినీ హెడ్డాఫీసుల పెద్ద కంప్యూటర్‌కు, మెయిన్‌ఫ్రేమ్‌కు కలిపినం. ఈడ కొడితే సెకనుల ఆడికి పోతది.”

ఆ వైర్లన్నీ తానే మోసుకొచ్చి లాగినంత గర్వంగా చెప్పాడు వామన్‌రావు. తప్పులూ అంతే వేగంగా పోతాయని మాత్రం చెప్పలేదు.

“అయితే ఇద్దర్ని తీసెయ్యుండ్రి.”

“ఊకె తియ్యనియ్యదు. కారణం అడుగుతది. రెండే ఉన్నయ్. విడాకులు, మరణం.”

“విడాకులు మా చర్చిల నడవయ్ సార్,” అంది రాజమణి తల ఎత్తకుండానే. “సంపుండ్రి.”

“జీతమొచ్చేటోణ్ని మాత్రం ఉంచుండ్రి,” అన్నాడు సీమోను కంగారుగా.

వామన్‌రావు రెండు మీటలు నొక్కి సైమన్‌నూ సిమియోన్‌నూ పైకి పంపేశాడు. కార్డు కోసం ముగ్గురూ ముందుకు వంగి చూశారు. తెర మీద ఉత్తర్వు ఒకటి ఊడిపడింది. వామన్‌రావు పైకి చదివాడు.

“మీ భర్తల మరణానికి సంతాపం. కారుణ్య నియామకం కింద శ్రీమతి రాజమణికి అటెండర్ ఉద్యోగం ఇవ్వడమైనది. ఉద్యోగిగా ఆమె సొంత ఆరోగ్య కార్డు ఈ క్షణం నుంచే చెల్లుతుంది.”

కార్డైతే వచ్చింది. వామన్‌రావుకు మాత్రం చెమటలు పట్టాయి. “లొల్లైతది, వాపస్ తీస్త,” అంటూ మీట మీద వేలు పెట్టబోయాడు.

సీమోను ఆ చెయ్యి గట్టిగా పట్టుకున్నాడు.

“ఆ మూడోణ్ని గూడ సంపుండ్రి సార్, మా బిడ్డ ప్రీతి డిగ్రీ చేసి రెండేండ్ల సంది ఖాళీగుంది.”