ఆకుకూర గిర్నీ

"గిది చూడమ్మా. ఇయ్యాల్టి నుంచి నువ్వు ఆకుకూర కడుగుడు బంద్!"

శశిధర్ అట్టపెట్టె చించి ఒక ప్లాస్టిక్ తొట్టిని తల్లి ముందు పెట్టాడు. లోపల జాలిబుట్ట, పైన మూత, మూత మీద తిప్పే పిడి. సరోజన విప్పబోయిన పుంటికూర కట్ట చేతిలోనే ఉండిపోయింది.

"కరెంటుదా?"

"కరెంటు గిరెంటు ఏం లేదు. కూర ఏసి, నీళ్ళు పోసి, చేత్తోని తిప్పుడే." శశిధర్ మూత బోర్లించి చూపించాడు. "పిడి తిప్పితే గీ పళ్ళ చక్రం తిరుగుతది. చక్రంతోని బుట్ట తిరుగుతది. రెండిట్ల ఏ ఒక్కటి లేకున్నా పనిజెయ్యది."

"నా చేతులు మంచిగనే ఉన్నయి కదరా. మళ్ళ గీ గిర్నీ ఎందుకు?"

"పురుగుమందుల దుకాణం నాదమ్మా. కూరల మీద ఏమేం కొడుతున్నరో నాకు తెల్వదా? అయినా ఆ మోకాళ్ళతోని రోజూ గంటసేపు పీట మీద కూసునుడేంది? హాయిగ టీవీ చూసుకో."

ఆ గంటసేపే సరోజనకు కావాలి. సాయంత్రం జనగామ నుంచి బస్సు దిగి, కాళ్ళు కడుక్కుని, కోడలు సంధ్య వెనక వరండాలోకి వచ్చి పక్కన పీట వేసుకుంటుంది. ఒకరు ఆకు తుంచుతుంటే ఒకరు కడుగుతారు. బస్సులో సీటు కోసం ఎవరు కొట్లాడారో, ఆఫీసులో సారు ఎవరి మీద ఎగిరాడో, అన్నీ ఆ కూర దగ్గరే బయటికొస్తాయి. కూర అయిపోయిందా, కోడలు పొయ్యి దగ్గరికి, అత్త మంచం మీదికి. ఇక ఎవరి లోకం వారిది.

బస్సుకు తయారైన సంధ్య గదిలోంచి వచ్చింది. "ఏదీ, నన్ను తిప్పనియ్యి" అని తొట్టిలో నీళ్ళు పోసి, పిడి పట్టుకుని గిరగిరా తిప్పింది. నీళ్ళు ఎగిరి ముఖం మీద పడ్డాయి. పచ్చ అంచు రుమాలుతో తుడుచుకుంటూ, "మస్తుగున్నది!" అని మొగుడి వైపు చూసి నవ్వింది.

సరోజన పుంటికూర కట్టను పక్కన పెట్టేసింది. కోడలికే నచ్చాక తాను ఎవరితో చెప్పుకోవాలి?

సంధ్య గిర్నీని కడిగి వంటింట్లో అరమీద పెట్టింది. గేటు దాకా వెళ్ళి, "అయ్యో, సద్దిడబ్బా మరిచిన!" అంటూ మళ్ళీ లోపలికి ఉరికింది.

మధ్యాహ్నానికి ఇల్లు ఖాళీ అయింది. సరోజన అటూ ఇటూ చూసి, గిర్నీని దించి, పిడిని మెలితిప్పి ఊడదీసింది. ఎక్కడ దాచాలి? బీరువా కొడుకు తెరుస్తాడు. మంచం కింద కోడలు ఊడుస్తుంది. బియ్యం డ్రమ్ము కనిపించింది. ఆ ఇంట్లో మగవాళ్ళు అన్నం తినడమేగాని బియ్యంలో చెయ్యి పెట్టింది లేదు. కోడలు రాత్రి అన్నానికి బియ్యం తీసేలోపు చోటు మార్చొచ్చు. పండబెట్టిన సీతాఫలాల పక్కన పిడిని పూడ్చి, పైన చదును చేసింది.

సాయంత్రం శశిధర్ ఒక చేతిసంచి నిండా గంగవాయిలి కూర తెచ్చాడు.

"మట్టి ఎంతున్నదో చూడుండ్రి. గిర్నీ సంగతి ఇప్పుడు తెలుస్తది." అంటూ గిర్నీని దించాడు. "అరే, పిడి ఏదీ?"

అప్పుడే బస్సు దిగి వచ్చిన సంధ్య మంచినీళ్ళన్నా తాగకుండా వెతకడం మొదలుపెట్టింది. సోఫా కింద వంగింది. ఫ్రిజ్ వెనక చీపురు పెట్టి లాగింది. "పొద్దుగాల నేనే కడిగి పెట్టిన కదా!" అని పదిసార్లు అంది.

"అమ్మా, నువ్వేమన్న చూసినవా?"

"మీ గిర్నీల సంగతి నాకేం తెలుసురా? ఎలుక గుంజుకపోయిందేమో."

"ఎలుక పిడితోని ఏం జేస్తదే? కూర కడుక్కుంటదా?" శశిధర్ విసుగ్గా ఫోన్ తీశాడు. "అమ్మినోన్నే అడుగుత. ఇంకోటి పంపుతడు." సిగ్నల్ కోసం వాకిట్లోకి వెళ్ళిపోయాడు.

సంధ్య నేల మీద కూలబడింది. జుట్టులో బూజు అంటుకుంది. "దొరకకపాయె అత్తమ్మా" అంది నీరసంగా.

సరోజన మనసు కరిగిపోయింది. దినమంతా ఆఫీసులో పనిచేసి వచ్చిన పిల్ల. ఒక్క వస్తువు మీద సంబరపడితే, దాన్నీ దాచిపెట్టింది తను. ముచ్చట్లదేముంది, ఇంకెప్పుడైనా చెప్పుకోవచ్చు. పిడి తీసుకొచ్చి ఎక్కడో దొరికిందని చెప్పేస్తే సరి.

"ఉండు బిడ్డా, అన్నానికి బియ్యం తీసుకొస్త" అని లేచింది.

"వద్దత్తమ్మా!" సంధ్య ఉలిక్కిపడి లేచింది. "మీరు కూసోండ్రి. బియ్యం నేను తెస్త."

ఈమె చెయ్యి పెడితే తన దొంగతనం బయటపడుతుందని సరోజన ఆగలేదు. మోకాళ్ళ నొప్పి మరిచి గబగబా వంటింట్లోకి నడిచి, డ్రమ్ము మూత తీసి, మోచేతి దాకా చెయ్యి దించింది. సీతాఫలాలు తగిలాయి. వాటి కింద ఏదో మెత్తగా గుడ్డముడి తగిలింది. తాను గుడ్డలో ఏమీ చుట్టలేదే!

పైకి లాగి చూసింది. పచ్చ అంచు రుమాలు.

వెనకే పరుగెత్తుకొచ్చిన సంధ్య గుమ్మంలోనే ఆగి నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సరోజన ముడి విప్పింది. లోపల, గిర్నీ మూత కింద ఉండాల్సిన పళ్ళ చక్రం!