ఎయిర్ వాల్వు దగ్గర మనిషి

రోడ్డు పక్క గుంతలోకి వంగి, ఆ ఆడమనిషి కొబ్బరి చిప్పతో నీళ్లు తోడుతోంది.

పంపు ఆపరేటర్ కూర్మయ్యకు ఒళ్లు మండిపోయింది. ఆ గుంతలో ఉన్నది ఊరి మంచినీళ్ల పైపు ఎయిర్ వాల్వు.

"ఏటి సేత్తన్నావు?"

"బురద తోడతన్నాను బాబూ. వాల్వు మునిగిపోతంది."

"ఏ ఊరు?"

"కోటబొమ్మాళి."

అక్కడికి ఈ లైను లేదు. అలాంటివాళ్లే వాల్వు వదులు చేసి నీళ్లు పట్టుకుపోతారని కూర్మయ్య అనుమానం. ఈమె ఇదివరకూ ఇక్కడ కనిపించింది.

అతని భయమంతా కోడలు యామిని గురించి. ఆ పిల్లకి కిడ్నీలు సగం పాడయ్యాయి. విరేచనాలు పట్టుకుంటే మిగిలినవీ దక్కవని డాక్టరు గట్టిగా చెప్పాడు. కులం కానివాణ్ణి పెళ్లి చేసుకుందని కన్నవాళ్లు వదిలేసుకున్నారు, పెళ్లికి కూడా రాలేదు. ఇక ఆమెకు దిక్కు ఈ ఇల్లూ, ఈ పైపు నీళ్లూ.

మళ్లీ కనిపిస్తే పోలీసులకు అప్పజెబుతానన్నాడు. నువ్వైనా రోజూ తోడించు బాబూ అని ఆమె బతిమాలింది. అతను చిప్ప లాక్కుని జీడితోటలోకి విసిరేశాడు. గుంత మీద సిమెంటు పలక వేయించి, ఇక ఎవరూ ముట్టరని హాయిగా నిద్రపోయాడు.

ముసురు పట్టింది. పలక కింద మురుగు చేరి వాల్వు మునిగింది. కరెంటు పోయి పంపు ఉన్నపళంగా ఆగిపోయింది.

అలా ఆగినప్పుడు పైపులో నీళ్లు వెనక్కి లాగుతాయి. పైపు నలిగిపోకుండా వాల్వు బయటి గాలి పీల్చుకోవాలి. గాలి అందలేదు, మురుగు పీల్చుకుంది. కూర్మయ్యకు ఈ సంగతి తెలియంది కాదు. పలక ఎత్తి చూడాలని తోచలేదంతే.

ఊళ్లో సగం మందికి వాంతులు, విరేచనాలు. యామినిని పలాస ఆసుపత్రిలో చేర్చారు. కిడ్నీలు పూర్తిగా పోయాయన్నారు. ఇక డయాలసిస్సే, అదీ ఒళ్లు తట్టుకుంటే.

కూర్మయ్య గోడకి తల కొట్టుకుంటున్నాడు. అప్పుడు వచ్చింది ఆ గుంత దగ్గరి మనిషి.

అతను చేతులు జోడించాడు.

"తప్పయిపోనాదమ్మా. నీ మాట ఇనుంటే నా కోడలికి ఈ గతి పట్టకపోను."

ఆమె మంచం పక్కన కూర్చుని యామిని చెంప నిమిరింది.

"నీకా నీళ్లతో పనేటమ్మా? అంత దూరం ఎందుకొచ్చీదానివి?" అనడిగాడు కూర్మయ్య.

ఆమె తలెత్తలేదు.

"మీ గడప తొక్కనని మావోరు నాసేత ఒట్టేయించుకున్నారు అన్నయ్యా. నా బిడ్డ తాగే నీళ్లేనా సూసుకుందామని వచ్చీదాన్ని."