ఆదివారం కాపీ

“సీటులో చేరడానికి గడువు మంగళవారంతో సరి. ఈరోజు గురువారం. నీ సీటు రద్దయిపోయిందమ్మా,” అన్నాడు అడ్మిషన్ల సెక్షన్ చూసే ఉమాశంకర్, ఝాన్సీ సర్టిఫికెట్ల కట్టను బల్ల మీద ఇటు తోసేస్తూ.

“శుక్రవారం దాకా ఉన్నాది కదా సార్. శనివారం రాత్రి మీ వెబ్‌సైట్లోనే చూసినాను,” అంది ఝాన్సీ.

“ఇప్పుడు చూడు, ఏముందో.”

మానిటరు ఇటు తిప్పాడు. మంగళవారమనే ఉంది. ఝాన్సీ తన ఫోన్లో కూడా తీసి చూసింది. అక్కడా మంగళవారమే.

బొబ్బిలి అవతలి పల్లె నుంచి తొలి బస్సుకి బయలుదేరి వచ్చారు తల్లీకూతుళ్ళు. ఎమ్మెస్సీ కెమిస్ట్రీ సీటు. వాళ్ళింట్లో ఎమ్మెస్సీ మాట దేవుడెరుగు, పదో తరగతి దాటింది కూడా ఈ పిల్లొక్కతే. తల్లి తవిటమ్మ చూస్తూ ఊరుకునే మనిషి కాదు.

“అయితే మా గుంట అబద్ధమాడతందేటి బాబూ? శుక్రవారం దాకా ఉన్నాదనీసి సదివి ఇనిపించినాది. నాను ఇన్నాను. మంగళవారమని ఉంటే మంగళవారమే వొచ్చీవోళ్ళం కాదేటి?”

“ఫొటో ఏమైనా తీసుకున్నారా?”

“యూనివర్సిటీ వోళ్ళు రాసిన మాటకి ఫొటో తీసుకోవాలేటి? మీ రాతలు నీటి మీద రాతలేటి?”

సెక్షన్‌లో ఒకరిద్దరు నవ్వారు. తలుపు దగ్గర బెంచీ మీద వెయిటింగు లిస్టులో తర్వాతి పేరున్న అమ్మాయి, వాళ్ళ నాన్న కూర్చుని ఉన్నారు. ఆ అమ్మాయి ఈ గొడవ తనది కానట్టు నేలచూపులు చూస్తోంది. దానిదేం తప్పు, పాపం.

ఝాన్సీకి ఏడుపు రావాలి. రాలేదు. పన్ను పీకే ముందు సూది వేసిన దవడలాగ ఒళ్ళంతా మొద్దుబారిపోయింది. అందరూ తన గురించే మాట్లాడుకుంటున్నారని తెలుస్తోంది, అంతే.

ఏదో ఫైలు కోసం వచ్చి, అంతా వింటూ నిలబడ్డ కూర్మనాథం అప్పుడు కల్పించుకున్నాడు. యూనివర్సిటీ రికార్డులు భద్రపరిచే ఉద్యోగం ఆయనది. కాగితాలే కాదు, వెబ్‌సైటు కూడా రికార్డేనని పైవాళ్ళ చెవిలో ఇల్లు కట్టుకుని పోరి ఒప్పించిన మనిషి.

“నీటి మీద రాతని కూడా పట్టి దాచడమే నా పని అమ్మా,” అన్నాడు తవిటమ్మతో. తర్వాత ఇటు తిరిగి, “ఆ నోటీసు ఎప్పుడు పెట్టారయ్యా ఉమాశంకర్?” అని అడిగాడు.

“శనివారం సాయంత్రం మాస్టారూ.”

“తర్వాత ఎవరైనా దిద్దారా?”

“సోమవారం ఏదో చిన్న మార్పు చేశామన్నారు కంప్యూటరు వాళ్ళు. ఏం మార్చారో వాళ్ళకే గుర్తు లేదు.”

“గుర్తుండక్కర్లేదు. మధ్యలో ఆదివారం ఉందిగా. ప్రతి ఆదివారం మన వెబ్‌సైటు మొత్తం కాపీ అవుతుంది. కంప్యూటరు వాళ్ళకి పురమాయించాను, దానంతటదే జరిగిపోతుంది. ఏళ్ళ తరబడి ఒక్క వారం తప్పలేదు. ఆ రోజు ఎలా ఉందో అలాగే ఉంటుంది. వీసీ గారొచ్చి చెప్పినా అందులో అక్షరం మార్చను.”

ఉమాశంకర్ చెడ్డవాడేం కాదు. “ఆ కాపీలో శుక్రవారమని ఉంటే ఈ క్షణమే చేర్చుకుంటాను మాస్టారూ. లేకపోతే ఆ బెంచీ మీద అమ్మాయికి ఇచ్చెయ్యాల్సిందే. ఇంక నా చేతిలో ఏం లేదు,” అన్నాడు.

“దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. నువ్వు ఇస్తానన్నావు, సాలు బాబూ,” అంది తవిటమ్మ. అప్పుడే సీటు వచ్చేసినట్టు కొంగుతో ముఖం తుడుచుకుంది.

నలుగురూ రికార్డుల గదికి నడిచారు. కూర్మనాథం కంప్యూటరు ముందు కూర్చుని కళ్ళజోడు పెట్టుకున్నాడు.

“ఇన్నాళ్ళకి ఒకరికి అవసరం పడింది. ఇదంతా దేనికండీ అని నవ్వేవారు. నీలాంటి వాళ్ళ కోసమే తల్లీ,” అన్నాడు ఝాన్సీతో.

ఝాన్సీకి ఆశ పుట్టింది. పుట్టకపోతే బాగుండునని కూడా అనిపించింది.

ఆయన మొన్నటి ఆదివారం కాపీ తెరిచాడు. మూసి, మళ్ళీ తెరిచాడు. అంతకు ముందు ఆదివారానికి వెళ్ళాడు. దానికి ముందు వారానికి వెళ్ళాడు. పోయిన సంవత్సరంలోకి వెళ్ళాడు. చివరికి అన్నిటికంటే పాత కాపీ తెరిచి, దాని ముందు అలాగే కూర్చుండిపోయాడు. ప్రతిదాంట్లోనూ అదే పేజీ.

వెనక నిలబడి చూస్తున్న ఉమాశంకర్, “అయ్యో మాస్టారూ,” అన్నాడు.

“ఏటైనాది? శుక్రవారమని ఉన్నాదా లేదా?” అంది తవిటమ్మ. ఆమెకి చదువు రాదు. ఒకరి ముఖం తర్వాత ఒకరి ముఖం చూసింది. “ఒసే, నువ్వు సదివి సెప్పే.”

ఝాన్సీ ముందుకు వంగింది. పేజీ అంతా ఖాళీగా ఉంది, నడిమధ్యన రెండు వాక్యాలు తప్ప. పాఠం అప్పజెప్పినట్టు, ఎక్కడా గొంతు మారకుండా చదివింది.

“వెబ్‌సైటులోని పేజీలను రికార్డుగా భద్రపరచు పని జరుగుచున్నందున, ప్రతి ఆదివారము ఈ వెబ్‌సైటు మూసి ఉంచబడును. దయచేసి సహకరించగలరు.”